‘లేదు’ అని రాయనివ్వని మా మేడమ్

మిద్దె మీద బట్టలు ఆరేస్తుండగా ఫోను మోగింది. బెంగళూరు చిక్కపేటలో బట్టల అంగడి నడిపే మా మేడమ్ తమ్ముడు.

“అక్క లేదమ్మా,” అన్నారు.

“ఎప్పుడొస్తారు?” అని అడిగాను.

అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. “ఇంగ రాదమ్మా. తెల్లారుజామున పోయింది. గుండె ఆగిపోయిందంట,” అన్నారాయన.

మన భాషలో ‘అక్క లేదు’ అన్నమాటకు చావు అనే అర్థం ఉందని నాకు తెలియక కాదు. కానీ మా మేడమ్ దగ్గర జువాలజీ చదువుకున్నవాళ్ళకు ‘లేదు’ అన్న మాట చెవిన పడగానే ఎదురు ప్రశ్న వేయడం ఒంటికి పట్టిన అలవాటు. ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? ఎన్నిసార్లు చూశారు? ఆమె చావు కబురు విన్నప్పుడు కూడా ఆ అలవాటే ముందు నా నోట్లోంచి వచ్చింది. తలుచుకుంటే సిగ్గుగానూ ఉంది, ఆమె విని ఉంటే మెచ్చుకునేవారని గర్వంగానూ ఉంది.

కొన్నాళ్ళకు కాలేజీలో సంతాప సభ పెట్టారు. నిజం చెప్పాలంటే నాచేత ఇది రాయిస్తున్నది ఆ సభే. దుఃఖమైతే ఇంట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. కోపాన్ని అలా కూర్చోబెట్టడం నాకు చేతకాదు.

వేదిక మీద పెట్టిన ఫొటో ఏదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించింది. మేడమ్ భుజం మీద ఎవరిదో చెయ్యి అలాగే మిగిలిపోయింది. దాని మీదుగానే దండ వేశారు. ఈమధ్యే వచ్చిన ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని ఆమె సౌమ్యురాలన్నారు, మితభాషి అన్నారు, చీమకు కూడా హాని తలపెట్టని మనిషి అన్నారు. సౌమ్యురాలట! ఆ మాట విని వెనక వరసలో కూర్చున్న ల్యాబు అటెండరు నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు. చీమల సంగతేమో గానీ, ఆమె స్పిరిటు సీసాల్లోకి పంపిన పురుగులకూ నత్తలకూ లెక్క లేదు. ప్రతిదాన్నీ సీసాలో వేసేముందు “తప్పయిందప్పా” అని గొణిగేవారు, అది వేరే సంగతి.

అంతటితో ఆగినా పోనీలే అనుకునేదాన్ని. ఆయన ఇంకో మాట అన్నారు. “పెద్దగా ప్రచురణలు లేవు గానీ, చాలా మంచి మనిషి.” ఆ ‘లేవు గానీ’ దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఎందుకు లేవో చెప్పేవాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేచి నిలబడలేదు. నేను లేచేలోపల టీ ఇచ్చేశారు. అందుకని ఇక్కడ చెప్తున్నాను.

మా మేడమ్ మంచినీటిలో బతికే వెన్నెముక లేని జీవుల మనిషి. నత్తలు, ఆల్చిప్పలు, జలగలు, నీటిపురుగులు, కంటికి ఆనీ ఆనని రొయ్యలు. చేపకు తినేవాడున్నాడు, పక్షికి దుర్భిణీ పెట్టి చూసేవాడున్నాడు, వీటికెవడున్నాడమ్మా అనేవారు. తొంభైల్లో బెంగళూరు చుట్టూ చెరువులు ఒక్కొక్కటే పూడిపోతుంటే, ఆదివారాలు బస్సెక్కి తిరిగి ఏ చెరువులో ఏమేం బతుకుతున్నాయో చూసి గుర్తుపట్టి రాసుకున్నారు. ఎవరూ చెయ్యమనలేదు. చేసినందుకు ఎవరూ సెలవు కూడా ఇవ్వలేదు.

ఆమెది చిక్కపేటలో తరాలనుంచి ఉన్న తెలుగు కుటుంబం. మా నాన్న కదిరి నుంచి వచ్చిన తాపీమేస్త్రి. మేం తెలుగువాళ్ళమని తెలిసిన రోజునుంచి ఆమె నన్ను తిట్టడం తెలుగులో మొదలుపెట్టారు. క్లాసులో ఇంగ్లీషు, మిగతావాళ్ళతో కన్నడం, నాకు మాత్రం తెలుగు.

మొదటి తిట్టు బాగా గుర్తుంది. ఊరి బయట ఒక చెరువుకు తీసుకెళ్ళారు. వల నీళ్ళలో ముంచి తీసి, తెల్లటి పింగాణీ పళ్ళెంలో బోర్లించి, కదిలేవన్నీ ఏరి పేరు రాయాలి. నా పళ్ళెంలో బురద తప్ప ఏమీ కదల్లేదు. నత్తలు అన్న చోట ‘నిల్’ అని రాసి చూపించాను.

“ఎన్నిసార్లు ముంచినావు?” అన్నారు.

“రెండుసార్లు మేడమ్.”

“ఇంత చెరువులో రెండుసార్లు గుడ్డ ముంచి నత్తలు లేవంటావా? నువ్వేమన్నా దేవుడివా?”

అందరూ నవ్వారు. ఆమె నా పెన్ను తీసుకుని ‘నిల్’ కొట్టేసి, పక్కన ‘కనపడలేదు’ అని రాశారు. “ఇది నీ గురించి. అది చెరువు గురించి. నీ గురించి నువ్వు ఎన్నయినా చెప్పు. చెరువు తరఫున లేదు అని చెప్పే అధికారం నీకెవరిచ్చినారు?” అన్నారు. కన్నడం పిల్లలు ‘ఇల్ల’ అని రాసినా అంతే, కొట్టేసి ‘కాణలిల్ల’ అని రాసేవారు. మూడేళ్ళ డిగ్రీలో వేరే ఏం నేర్చుకున్నానో తడుముకోవాలి గానీ ఇది మాత్రం ఎముకల్లో ఉంది.

ఆ వలలు కొన్నవి కావు. కాలేజీవాళ్ళు వలలకు ఏమీ ఇవ్వకపోతే తమ్ముడి అంగడికెళ్ళి మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి కుట్టేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. చిక్కపేట సందులో తోపుడుబండ్లను తప్పుకుంటూ అంగడికి చేరగానే, ఆమె సంచిలోంచి రవ్వ, మైదా కలిపిన పొట్లం తీసి గల్లా పక్కనే ఆర్గండీ గుడ్డ పరిచి జల్లించడం మొదలుపెట్టారు. రవ్వ పైన ఆగాలి, మైదా కిందికి దిగాలి, అప్పుడే ఆ గుడ్డ వలకు పనికొస్తుంది. చీర చూస్తున్న ఆడవాళ్ళు చీర వదిలేసి ఈ తంతు చూస్తున్నారు.

“ఏమక్కా ఇది, అంగడా వంటిల్లా?” అని తమ్ముడు నెత్తి పట్టుకున్నారు.

“నువ్వు అమ్మే గుడ్డ ఎంత పల్చనో నలుగురికీ తెలిస్తే భయమా?” అన్నారు మేడమ్. ఆయన పై అరలోంచి ఇంకో తాను దించి ఇచ్చారు. బూజుకర్రకు కట్టిన ఆ వలతో మేం ఎన్ని చెరువులు తిరిగామో.

దేవనహళ్ళి దాటాక రోడ్డుకు దూరంగా ఒక పెద్ద బండ ఉండేది. ఉండేది అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. ఆ బండ మీద నీళ్ళు నిలిచే గుంటలుండేవి. మా సీమలో వాటిని దొనలంటాం, కన్నడంలోనూ దొణె అనే అంటారు. వాన పడితే నిండుతాయి, కొన్ని వారాలు నీళ్ళుంటాయి, తరవాత ఎండిపోయి అడుగున గుప్పెడు మట్టి మిగులుతుంది. తొలకరి అయ్యాక మేడమ్ నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. అప్పటికి నేను డిగ్రీ ముగించి ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను.

పెద్ద దొన అంచున బోర్లా పడుకుని లోపలికి చూడమన్నారు. మొదట నీళ్ళే కనిపించాయి. తరవాత నీళ్ళలో వెలుగు కదిలింది. గోరంత రొయ్యలు, ఒంట్లోంచి అవతలి రాయి కనిపించేంత పల్చన, వెల్లకిలా తిరిగి కాళ్ళన్నీ పైకి ఆడిస్తూ ఈదుతున్నాయి. ఇంగ్లీషులో ఫెయిరీ ష్రింప్ అంటారు.

“చస్తుండాయి మేడమ్. అన్నీ తిరగబడిపోయినాయి,” అన్నాను.

“అవి బాగానే ఉండాయి. వాటికి నువ్వే తిరగబడినట్లుండావు,” అన్నారు.

వాటి బతుకు కథ అక్కడే బండ మీద కూర్చుని చెప్పారు. నీళ్ళున్నన్నాళ్ళే ఆయుష్షు. ఆలోపల పెరగాలి, గుడ్లు పెట్టాలి, పోవాలి. దొన ఎండిపోయినా ఆ మట్టిలో గుడ్లు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి, ఎండకు మాడవు, గాలికి పోతే ఇంకో దొనలో పడతాయి. మళ్ళీ వాన పడినప్పుడు పొదుగుతాయి. అయితే అన్నీ ఒక్కసారే పొదగవు. “మొదటి వాన అబద్ధమాడొచ్చు గదా, మర్నాడే ఎండ కాస్తే? అందుకని కొన్ని గుడ్లు నమ్మవు. మట్టిలోనే ఉండి ఇంకో వాన చూస్తాయి. మనకంటే తెలివిగలవి,” అన్నారు. ఎండాకాలం ఆ దొనలో చెయ్యి పెట్టినవాడికి దుమ్ము తప్ప ఏమీ అంటదు. ఈ ఒక్క సంగతీ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నా కోపమంతా దీని మీదే నడుస్తుంది.

వీటిలో ఏది ఏ జాతో తేల్చాలంటే మగదాని తల దగ్గరుండే కొమ్ముల్లాంటి మీసాలను సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ బండ మీది రొయ్య మీసాలు పుస్తకాల్లోని ఏ బొమ్మతోనూ కలవలేదు. ఒకదానికి దగ్గరగా వచ్చి చివర మెలిక దగ్గర తప్పిపోయేది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. “కొత్తదని రాసేయండి మేడమ్, పేరొస్తుంది,” అన్నాను.

“తొందరపడి పెడితే అది దాని పేరు గాదు, మన పేరు,” అన్నారు. ఒక దొనలో ఒక ఏడు చూస్తే చాలదన్నారు. పక్క బండలు చూడాలి, వయసు తేడా వల్ల మెలిక మారుతుందేమో చూడాలి, వేరే ఊళ్ళో తెలిసినవాళ్ళకు పంపి అడగాలి. ఒకసారి పంపిస్తే జవాబు వచ్చేసరికి ఇంకో వానాకాలం వచ్చేది. అలా ప్రతి తొలకరికీ ఆ బండ ఎక్కుతూ, బొమ్మలు గీస్తూ, తప్పులు తనే పట్టుకుంటూ ఏళ్ళు గడిపారు. ప్రిన్సిపాల్ గారూ, ప్రచురణలు ‘లేవు’ కాదు. సగం చూసి పూర్తిగా రాసే రకం కాదు ఆమె. ఆ రకం మనుషులకు ప్రమోషన్లు వచ్చాయి, శాలువాలు వచ్చాయి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.

రెండువేల సంవత్సరం దాటాక ఆ వైపు భూముల ధరలకు రెక్కలొచ్చాయి. బండను పగలగొట్టి, ఆ రాయితోనే రోడ్లు వేసి లేఅవుట్ కడతామని ఒక కంపెనీ వచ్చింది. పర్యావరణ నివేదిక ఒకటి తయారుచేయించి, ఊళ్ళోవాళ్ళ అభిప్రాయాలు వింటామని పెళ్ళిమంటపంలో సభ పెట్టారు. మేడమ్ నన్ను కూడా రమ్మన్నారు. నివేదిక ప్రతి మా చేతికిచ్చారు. పటాలు, రంగురంగుల అట్ట. బండ గురించి ఒక్క పేజీ. అందులో జలచరాలు అన్న గడిలో రెండక్షరాలు: లేవు.

ఆ సర్వే చేసిన కుర్రాడు వేదిక పక్కనే మెడలో కార్డు వేసుకుని నిలబడ్డాడు. నేను పోల్చుకున్నాను. మా కాలేజీవాడే, నా తరవాతి బ్యాచి, అనంతపురం పిల్లాడు. మా మేడమ్ చేత ‘నిల్’ కొట్టివేయించుకున్నవాడే! మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

మేడమ్ లేచి నిలబడి మైకు అడిగారు. “ఏ నెలలో చూసినావప్పా బండను?” 

“ఏప్రిల్లో మేడమ్,” అన్నాడు వాడు, నేల చూస్తూ.

“ఏప్రిల్లో మా వీధి కుళాయిలోనూ నీళ్ళుండవు. అట్లని మా ఇంట్లో ఎవరూ లేరని రాసుకుంటావా?”

ఆమె అదే మాట కన్నడంలో మళ్ళీ చెప్పగానే మంటపమంతా చప్పట్లు కొట్టారు. మేడమ్ సంచిలోంచి స్పిరిటు సీసా తీసి వేదిక మీది అధికారికి అందించారు. ఏళ్ళ తరబడి అక్కడ పట్టినవే ఇవి, వానాకాలం రండి, బతికున్నవి చూపిస్తానన్నారు. ఆయన సీసాను వెలుగుకెత్తి చూసి, “రొయ్యలే కదమ్మా. మార్కెట్లో ఇంతకంటే పెద్దవి దొరుకుతాయి,” అన్నాడు. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్ళే ఈసారి నవ్వారు. సీసా చేతులు మారుతూ వెనక్కి వచ్చేసరికి మూత సగం ఊడి ఉంది. ఆ నవ్వు నా చెవుల్లో ఇంకా ఉంది. ఒక మనిషి జీవితాన్ని గాజుసీసాలో పెట్టి చేతికిస్తే వేపుడుకు పనికొస్తుందా అని చూసేవాడు, సంతకం పెట్టే కుర్చీలో కూర్చున్నాడు!

బయట షామియానా దగ్గర ఆ పిల్లాడు మా దగ్గరికొచ్చాడు. “ఏం చేసేది మేడమ్, వాళ్ళు ఏప్రిల్లోనే పంపించినారు. ఫార్మాట్‌లో రెండే ఉండాయి, ‘ఉంది’, ‘లేదు’. కనపడలేదు అని రాసిస్తే సరిగ్గా నింపమని వెనక్కి పంపినారు.”

నేను నోరు తెరిచాను, వాడిని కడిగేద్దామని. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. “తిన్నావా అప్పా?” అని అడిగారు వాణ్ణి. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బస్సులో తిరిగొస్తూ ఆమెతో పోట్లాడాను. వాడికేం శిక్ష లేదా అన్నాను. “నేర్పినాను, వాడు రాసినాడు. వాళ్ళు కొట్టేసినారు. ఇంతకాలం నిల్ కొట్టేసి కనపడలేదు రాసినదాన్ని, ఇప్పుడు నా రాత కొట్టేసి లేవు రాసినారు. కోపమంటే వాడి మీద కాదమ్మా,” అన్నారు. ఆమె క్షమించారేమో, నేను మాత్రం వాణ్ణి క్షమించలేదు. ఆ గడిని తయారుచేసినవాణ్ణి అసలే క్షమించలేదు. రెండే మాటలు పట్టే గడి చేసి ప్రపంచమంతా అందులో ఇరుక్కుని కూర్చోవాలంటే ఎలా?

ఆ తరవాత ఆమె ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. అర్జీలిచ్చారు. జూన్ వరకు ఆగండి, ఒక్క వాన పడనివ్వండి అని అడిగారు. ఆమె అడిగింది బండను కాదు, ఒక్క వానను. అదీ ఇవ్వలేదు. వేసవిలోనే బండకు మందు పెట్టి పేల్చారు.

పని మొదలవకముందు ఒక రోజు మేమిద్దరం బండ దగ్గరికి వెళ్ళాం. మేడమ్ కొత్త కుంచె, చెంచా, ఖాళీ పచ్చడి సీసా తెచ్చారు. ఎండిన పెద్ద దొనలో చతికిలబడి అడుగున మట్టిని చెంచాతో గీకి, కుంచెతో ఊడ్చి సీసాలో పోశారు. కాపలా మనిషి వచ్చి చూసి, “ఏమ్మా, మట్టి కూడా ఎత్తుకుపోతారా?” అన్నాడు.

“మట్టి కాదప్పా, సంసారం,” అన్నారు మేడమ్. వాడికి అర్థం కాలేదు గానీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. సీసా నా చేతిలో పెడుతూ, “మా ఇంట్లో పెడితే ఎవరో ఒకరు తోమేస్తారు. నీ దగ్గర ఉండనీ,” అన్నారు. చుట్టుపక్కల వేరే బండల మీద ఆ మెలిక మీసాల రొయ్య ఎక్కడైనా ఉందేమోనని రిటైరయ్యాక కూడా వెతికారు. ఆమెకు కనపడలేదు. ఈ మాటను ఆమె పద్ధతిలోనే వాడుతున్నాను.

ఈ యేడు తొలకరికి ముందే ఆమె పోయారు. మొదటి పెద్ద వాన పడినప్పుడు మిద్దె మీద బిందె పెట్టి నీళ్ళు పట్టాను. మేడమ్ తమ్ముడు తెచ్చిచ్చిన ఆమె పింగాణీ పళ్ళెంలో సీసాలోని మట్టి కొంత పోసి, ఆ నీళ్ళు పోసి, పిట్టగోడ నీడలో పెట్టాను. ప్రిన్సిపాల్‌కు చూపించాలి, ఆ రోజు స్పిరిటు సీసాను ఎత్తి చూసి అందరినీ నవ్వించిన అధికారికి చూపించాలి, గడి తయారుచేసినవాడి ముక్కు కింద పెట్టాలి. అదే నా పట్టుదల. స్కూలుకు వెళ్ళేముందు చూశాను, వచ్చాక చూశాను. నీళ్ళు తేటపడ్డాయి. ఏదీ కదల్లేదు.

వాన వెలిసిన ఒక ఆదివారం మేడమ్ తమ్ముడు చూడ్డానికి వచ్చారు. దోమలు గుడ్లు పెట్టకుండా పళ్ళెం మీద కప్పడానికని అంగట్లోంచి ఆర్గండీ ముక్క తెచ్చారు, రవ్వ ఆగి మైదా దిగే రకం. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి, ముక్కు నీళ్ళకు తగిలేంతగా వంగి చాలాసేపు చూశారు.

“ఏమీ లేవు గదమ్మా,” అన్నారు.

ఆయన తల ఎత్తలేదు. ఇంకొంచెం వంగి పళ్ళేన్ని మెల్లగా తిప్పి, వెలుగు పడేలా పెట్టి మళ్ళీ చూశారు. ఈసారి గొంతు తగ్గించి, అక్క పక్కనే నిలబడి వింటున్నట్టు దిద్దుకున్నారు.

“కనపడలేదు.”

ఆ నీళ్ళు పారబోయలేదు. మొదటి వానను నమ్మని గుడ్లకు ఇంకో వాన చూపించాలంటే మట్టిని మళ్ళీ ఎండబెట్టాలి గనక పళ్ళేన్ని ఎండలోకి జరిపాం. ఆయన దాని మీద గుడ్డ పరిచి, అంచు చుట్టూ దారం బిగించి, చీర మడత సర్దినట్టు ముడతలు సర్దారు. నీళ్ళు రోజురోజుకూ తగ్గుతున్నాయి. ఆ పల్చటి గుడ్డలోంచి చూస్తే, అడుగున మట్టి అంచుల దగ్గర అప్పుడే బీటలు వారుతోంది.